సంతకానికి ముందు గేటు దగ్గరికి రావాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. యూనియన్ నాయకుడికీ మామూలు కార్మికుడికీ మధ్య సంబంధం ఎందుకిలా తయారైందని అడిగారు. జవాబు రాస్తున్న నేను బొగ్గు బాయిలో, అంటే గనిలో, బొగ్గు టబ్బులు తోసే ట్రామర్‌గా చేరి, పైకప్పుకు ఆధారాలు నిలబెట్టే సపోర్ట్‌మన్‌గా రిటైరయ్యాను. మధ్యలో చాలా ఏళ్లు ఫిట్ సెక్రటరీగా, అంటే బాయి స్థాయిలో యూనియన్ బాధ్యుడిగా పనిచేశాను. అడిగేవాడి బాధా, అడిగించుకునేవాడి బాధా రెండూ తెలుసు. పేర్లు వద్దన్నవాళ్ల పేర్లూ, పనిచేసే చోట్లూ తీసేశాను.

*ప్రశ్న: నేను భూగర్భ గనిలో జనరల్ మజ్దూర్‌ని. రెండేళ్ల కింద మా ఫిట్ సెక్రటరీ నాకు షిఫ్టు మార్పించాడు. మొన్న గేట్ మీటింగ్‌లో, ప్లే డే డ్యూటీలు కొందరికే ఎందుకు పడుతున్నాయని అడిగాను. "నీ పని చేసిపెట్టిన సంగతి మర్చిపోయావా" అన్నాడు అందరి ముందు. అప్పటి నుంచి నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటున్నాడు. అడగడం నా తప్పా అన్నా?*

జవాబు: తప్పు కాదు తమ్ముడూ. గేట్ మీటింగ్ పెట్టేదే అడగడానికి. తెలియని పాఠకుల కోసం చెబుతాను: ప్లే డే అంటే సెలవు రోజు డ్యూటీ. దానికి డబుల్ జీతం పడుతుంది. నెలలో రెండు ప్లే డేలు దొరికితే పిల్లవాడి హాస్టల్ ఫీజు వెళ్లిపోతుంది. అందుకే ఆ లిస్టులో పేరు కోసం అంత పోటీ.

నీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ రెండేళ్ల కిందటి షిఫ్టు మార్పు. ఆ రోజు నువ్వు న్యాయంగా రావలసినదే అడిగి ఉంటావు. ఇంట్లో ఎవరికో బాగోలేక రాత్రి షిఫ్టు కష్టమై ఉంటుంది. కానీ అది నీకు హక్కుగా రాలేదు, ఒక మనిషి దయగా వచ్చింది. ఇప్పుడు ఆయన ఆ బాకీ వసూలు చేస్తున్నాడు. పైరవీ ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుంది. గనిలోకి దిగకుండా బాయి మీద తేలిక పని, క్వార్టర్, పై పోస్టులో తాత్కాలికంగా చేసే యాక్టింగ్, ట్రాన్స్‌ఫర్, చార్జిషీట్ మాఫీ, అన్నీ ఒక్కొక్కరికి విడివిడిగా చేసిపెట్టే పనులు. పని జరిగినవాడు మళ్లీ నాయకుడి ముందు గట్టిగా మాట్లాడలేడు. జరగనివాడు ఇంకో జెండా కిందికి పోతాడు.

దీనికి ఇంకో వైపు ఉంది. కార్మికులు దాన్ని చూడాలని నా కోరిక. నాయకుడు నీకు చేసిపెట్టిన పని తన జేబులోంచి తీసి ఇచ్చింది కాదు, మేనేజర్ దగ్గర అడిగి తెచ్చింది. రోజుకు నాలుగు చీటీలు పట్టుకుని మేనేజర్ గదికి వెళ్లేవాడు, గాలి సరిగా ఆడని పని స్థలం గురించి అదే మేనేజర్ మీద కేకలు వేయగలడా? "నీ మనుషుల పనులన్నీ చేస్తున్నాను కదా, ఇదొక్కటి చూసీ చూడనట్టు పో" అంటే ఏం చెబుతాడు? నీ షిఫ్టు మార్పు ఖర్చు అక్కడ పడుతుంది. నీతో పాటు ఆ పని స్థలంలో దిగే వాళ్లందరి మీదా పడుతుంది. వ్యక్తిగతంగా నాయకుడు మంచివాడైనా సరే, ఈ పద్ధతిలో ఉన్నంత కాలం కార్మికుల కన్నా మేనేజర్ గదికే ఎక్కువ దగ్గరవుతాడు.

మరి ఏం చేయాలి? మేం పనిచేసిన చోట ఒక ప్రయత్నం చేశాం. ప్లే డే లిస్టును హాజరు వేసే మస్టర్ రూము గోడ మీద అంటించాం. పొడుగాటి లెడ్జర్ కాగితం, ఎడమ పక్క పేర్లు, పైన తేదీలు. ఎవరికి ఏ తేదీన పడితే అక్కడ టిక్కు. సీనియారిటీ వరుసలో తిప్పుతూ రావడమే రూలు. షిఫ్టు దిగి వచ్చినవాళ్లు బొగ్గు చేతులతోనే తమ పేరు వెతుక్కునేవారు. వేళ్లు ఆనీ ఆనీ వారం తిరిగేసరికి కాగితం నల్లబడిపోయేది, మళ్లీ రాసి అంటించేవాళ్లం. లిస్టు గోడ మీదికి ఎక్కాక ఆ విషయంలో గొడవ చాలా తగ్గింది. యూనియన్ ఆఫీసుకు వచ్చే జనమూ తగ్గారు. అప్పుడు పై కమిటీలో ఒకాయన నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "అన్నీ గోడకే అంటిస్తే మన దగ్గరికి ఎవరొస్తారయ్యా?" ఆ మాట ఆయన దురాశతో అనలేదు. నలుగురూ వస్తేనే సంఘం బతుకుతుందని నిజంగానే నమ్మాడు. పైరవీ పోతే సంఘం పోతుందనే భయం చాలామంది మంచి నాయకుల్లో కూడా ఉంది.

ఓటుతో ఇది మారుతుందా అంటే, ఓటు ఒక్కటే చాలదు. సింగరేణిలో 1998లో మొదటిసారి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘం, ఎన్నిక జరిగింది. 2023 డిసెంబర్ 27న జరిగింది ఏడోది. ఈ పాతికేళ్లలో ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, టీబీజీకేఎస్ అనే సంఘాలు, మళ్లీ ఏఐటీయూసీ గెలిచాయి. ఆ ఏడో ఎన్నికలో 11 ఏరియాల్లో ఆరింట ఐఎన్‌టీయూసీ గెలిచినా, మొత్తం ఓట్లలో 1,999 ఎక్కువ తెచ్చుకున్న ఏఐటీయూసీకి గుర్తింపు దక్కింది. కార్మికులు నచ్చని సంఘాన్ని దించగలరని ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. దేశంలో చాలా చోట్ల కార్మికుడికి ఈ అవకాశమే లేదు, దాన్ని తక్కువ చేయను. కానీ ఓటు నాలుగైదేళ్లకోసారి వస్తుంది, ప్లే డే ప్రతి వారం వస్తుంది. గోడ మీది కాగితం కోసం కొట్లాడు. ఒక్కడివే అడిగితే "పాత పని మర్చిపోయావా" అంటాడు. పదిమంది కలిసి రాతపూర్వకంగా అడగండి. అందులో ఆయన దగ్గర ఏ పనీ చేయించుకోని ఇద్దరైనా ఉండాలి.

*ప్రశ్న: మా సిమెంట్ ఫ్యాక్టరీలో జీతంలోంచి యూనియన్ చందా కట్ అవుతుంది. లెక్కలు అడిగితే "ఆడిట్ అయింది, నమ్మకం లేదా" అంటున్నారు. సభ్యుడికి లెక్కలు చూసే హక్కు ఉందా?*

జవాబు: ఉంది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 20వ సెక్షన్‌లోనే ఖాతా పుస్తకాలు, సభ్యుల జాబితా ఏ సభ్యుడైనా చూడవచ్చని రాసి ఉంది. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. సంఘం నియమావళిలో ఏటా ఆడిట్, సభ్యులు ఖాతాలు చూసుకునే సౌకర్యం ఉండి తీరాలని అందులోనూ ఉంది. రాజకీయ ఖర్చులకు విడిగా నిధి పెట్టుకోవచ్చు కానీ, దానికి చందా ఇవ్వమని ఎవరినీ బలవంతం చేయకూడదు.

ముందు మీ యూనియన్ నియమావళి కాపీ తీసుకోండి. ఇవ్వకపోతే ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతుంది. చూడగోరే తేదీ రాసి కార్యదర్శికి కాగితం ఇచ్చి, ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. చెడ్డ ఉద్దేశం అంటగట్టే మాట ఒక్కటీ ఆ కాగితంలో ఉండకూడదు. నేను చూసినంతలో చాలా చోట్ల డబ్బు తినేసినందువల్ల కాకుండా, రాసిపెట్టుకునే అలవాటు లేకపోవడం వల్లే లెక్కలు చూపించరు. సభకు లారీ మాట్లాడారు, రసీదు తీసుకోలేదు. చనిపోయినవాడి ఇంటికి ఐదు వేలు ఇచ్చారు, ఎక్కడా రాయలేదు. సభ్యులు ఏటా అడుగుతుంటే రాయడం దానంతట అదే అలవాటవుతుంది.

*ప్రశ్న: మా ఆయన ఒక గనిలో యూనియన్ బాధ్యుడు. రాత్రి పన్నెండింటికి కూడా ఫోన్లు వస్తాయి. ఆస్పత్రి అంటే ఆయనే, పోలీస్ స్టేషన్ అంటే ఆయనే. పండక్కి పుట్టింటికి వెళ్లి ఎన్నేళ్లయిందో. ఇంత చేసినా టీ కొట్టు దగ్గర "వాడు బాయిలోకి దిగకుండానే మస్టర్ వేయించుకుంటున్నాడు" అని నవ్వుతున్నారట. ఆయన నిద్రపోవడం లేదు. మానేయమని చెప్పనా?*

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కార్మికులు నాయకుల మీద రాసిన ఉత్తరాలు ఎన్నో ఉంటాయి, నాయకుడి ఇంట్లోంచి వచ్చేవి తక్కువ. బాయిలో ప్రమాదం జరిగిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. శవం ఇంటికి చేరేదాకా, పోస్ట్‌మార్టం కాగితాలు వచ్చేదాకా, చనిపోయినవాడి భార్యకు డిపెండెంట్ ఉద్యోగం ఫైలు కదిలేదాకా ఆ మనిషి నిలబడే ఉండాలి. మీ ఆయన చేస్తున్నది చాలా పెద్ద పని. నవ్వేవాళ్ల మాటకు మానేయమని చెప్పకండి.

కానీ ఆ నవ్వులో ఉన్న అసలు సంగతిని ఆయనకు మీరే చెప్పాలి, మీరు చెబితేనే వింటాడు. గుర్తింపు ఉన్న సంఘాల బాధ్యులకు యూనియన్ పని మీద తిరగడానికి డ్యూటీ మినహాయింపు ఇవ్వడం చాలా పరిశ్రమల్లో ఉంది. అది అవసరమే. సాయంత్రం దాకా షిఫ్టు చేసినవాడు ఆఫీసర్ల వెంట తిరగలేడు. అయితే బాయి పనిముట్లు, ఆ తట్టా చెమ్మసూ వదిలేసి, క్యాప్ ల్యాంప్ పెట్టుకోకుండా నెలలు గడిచిపోతే, నిన్నటిదాకా పక్కన కూర్చుని సద్ది తిన్నవాళ్లకు అతను పరాయివాడైపోతాడు. అతను తప్పేమీ చేయకపోయినా అవుతాడు. పని స్థలంలో సిమెంట్ పెల్లలా గట్టిగా ఉన్న పైకప్పు ఏ వారంలో మెత్తబడిందో, పని చూసే ఓవర్‌మన్ కొత్తగా వచ్చినవాడు ఎలా మాట్లాడుతున్నాడో ఆఫీసులో కూర్చుంటే తెలియదు. వారానికి ఒక షిఫ్టు అయినా దిగమనండి. ఏ రోజు దిగుతాడో ముందే బోర్డు మీద రాయమనండి. ఆ రోజు ఫిర్యాదులన్నీ కిందే, పని దగ్గరే వినవచ్చు.

రాత్రి ఫోన్ల సంగతి. ఆస్పత్రి ఫోను రాత్రయినా ఎత్తాల్సిందే. మిగతావాటికి షిఫ్టుకొకరు చొప్పున ముగ్గురిని పెట్టుకుని, వచ్చిన ప్రతి పనీ ఒక నోటుబుక్కులో రాయమనండి: ఎవరు, ఏం అడిగారు, ఎవరిని కలిశాం, ఏమైంది. ఆ బుక్కు యూనియన్ ఆఫీసు బల్ల మీదే ఉండాలి, ఎవరైనా తిరగేసి చూడొచ్చు. దీనివల్ల ఆయన టెన్షన్ సగం తగ్గుతుంది. ఇంకొక లాభం కూడా ఉంది. రేపు ఆయనకు ఒంట్లో బాగోకపోతే ఆ పని తెలిసినవాళ్లు ముగ్గురు తయారై ఉంటారు. చాలామంది నాయకులు తన తర్వాతివాడిని తయారు చేయరు, చేస్తే తన కుర్చీ పోతుందని జంకుతారు. మీ ఆయన అలాంటివాడు కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

ఈసారి పండక్కి మీ పుట్టింటికి ఇద్దరూ వెళ్లి రండి. ఫోను ఆ ముగ్గురిలో ఒకరికి ఇచ్చి వెళ్లమనండి.

*ప్రశ్న: యూనియన్ నాయకులు ఎమ్మెల్యేలు, మంత్రులు అయ్యాక కార్మికులను మర్చిపోతారు. దీనికి మినహాయింపు ఎవరైనా ఉన్నారా?*

జవాబు: వి.వి. గిరి గారిని తలుచుకుందాం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సంఘంతో ఎదిగిన మనిషి, తెలుగువారు. 1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చినప్పుడు, ఒప్పుకోలేక 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత ఆయన రాష్ట్రపతి అయిన సంగతి అందరికీ తెలుసు. నేను మాత్రం ఆ రాజీనామానే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటాను.

*ప్రశ్న: మా తాత కరీంనగర్ జిల్లా నుంచి బొంబాయి వెళ్లి బట్టల మిల్లులో పనిచేశారు. 1982 సమ్మెలో ఉద్యోగం పోయింది. చనిపోయేదాకా దత్తా సామంత్ ఫొటో ఇంట్లో ఉంచుకున్నారు. మా నాన్నేమో ఆయన వల్లే మన కుటుంబం రోడ్డున పడిందంటారు. ఎవరి మాట నిజం? — భివండీ నుంచి ఒక పాఠకుడు*

జవాబు: బాబూ, మన పద్మశాలి కుటుంబాలు బొంబాయి వర్లీ, లోయర్ పరేల్‌లలో కార్మికులుండే ఇరుకు గదుల చాళ్లలో ఎన్ని ఉండేవో, ఆ సమ్మె తర్వాత ఎన్ని చెల్లాచెదురయ్యాయో మీకు తెలియనిది కాదు. 1982 జనవరి 18న మొదలైంది, దాదాపు రెండున్నర లక్షల మంది. ఎవరూ అధికారికంగా విరమించినట్టు ప్రకటించకుండానే ఏడాది దాటాక చల్లారిపోయింది.

అసలు ముడి ఎక్కడుందో చెబుతాను. 1946 బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం మిల్లు కార్మికుల తరఫున మాట్లాడే అధికారం ఒకే సంఘానిది. అది ఐఎన్‌టీయూసీకి చెందిన రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్. మామూలు కార్మికులకు దాని మీద నమ్మకం పోయింది. కానీ ఓటు వేసి దించే వీలు ఆ చట్టంలో లేదు. మాట్లాడే అధికారం ఉన్న సంఘం వెనుక మనుషుల్లేరు, మనుషులున్న నాయకుడికి మాట్లాడే అధికారం లేదు. అప్పుడే కార్మికులు గుంపుగా ఘాట్‌కోపర్‌లోని డాక్టర్ దత్తా సామంత్ ఇంటికి వెళ్లి, మీరే నడిపించాలని పట్టుబట్టారు. ఆయన క్వారీ కూలీలకు వైద్యం చేస్తూ వాళ్ల నాయకుడైన డాక్టరు. మీ తాత గోడ మీద ఫొటో పెట్టుకున్నారంటే, ఆ మనిషి తమను అమ్మలేదని ఆయనకు గట్టిగా తెలుసు. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. 1997 జనవరిలో ఆయన్ను పట్టపగలు కాల్చి చంపారు.

మీ నాన్న బాధలోనూ నిజం ఉంది. "ఇక్కడితో ఆపి ఇంత తీసుకుందాం" అని కూర్చుని తేల్చుకునే మిల్లు కమిటీలు బలంగా ఉండాల్సింది. నెలలు గడిచి, మిల్లు యజమానులకే మిల్లులు నడపాలన్న తొందర లేదని అర్థమైనప్పుడు, ఆగడమా సాగడమా అన్నది ఒకే మనిషి మొండితనం మీద పడింది. నాయకుడి మీద అంత నమ్మకం ఉన్నప్పుడే, అతనికి ఎదురు చెప్పే కమిటీ ఇంకా ఎక్కువ అవసరం. ఇది నా అభిప్రాయం. దీనికి ఆయన ఒక్కడినే బాధ్యుడిని చేయలేం. దశాబ్దాల పాటు తమ సంఘాన్ని తామే ఎన్నుకోనివ్వని చట్టం కింద బతికినవాళ్లకు కమిటీలు నడిపే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

*ప్రశ్న: మేం కాంట్రాక్టు కార్మికులం, ఆడవాళ్లమే ఎక్కువ. పర్మినెంట్ వాళ్ల యూనియన్ నాయకులు మే డే రోజు మాకు కూడా కండువాలు వేస్తారు, తర్వాత కనిపించరు. మేం ఏ సంఘంలో చేరాలి?*

జవాబు: చెల్లీ, మే డే కండువా సంగతి చదివి మనసుకు కష్టమైంది. కారణం సూటిగానే చెబుతాను. గుర్తింపు ఎన్నికల్లో మీకు ఓటు లేదు. సింగరేణినే చూడు, 2023లో దాదాపు 40 వేల మంది పర్మినెంట్ కార్మికులు ఓటర్లు. పాతిక వేల దాకా ఉన్న కాంట్రాక్టు వాళ్లకు ఓటు లేదు. ఓటు లేని చోట నాయకుడి ఓపిక తొందరగా అయిపోతుంది.

అయినా కదిలితే కదులుతుంది. 2022 సెప్టెంబర్‌లో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 18 రోజులు సమ్మె చేశారు. 2024లో లాభాల వాటా ప్రకటించినప్పుడు మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకూ తలా ఐదు వేలు ఇచ్చారు, మరుసటి ఏడాది ఐదున్నర వేలు. అదే 2024లో పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేల దాకా వచ్చింది. ఈ తేడా చూసి చిన్నబుచ్చుకోవడం సహజం. కానీ ఇన్నేళ్లూ లేని పేరు లెక్కలోకి ఎక్కింది, దాన్ని వదలొద్దు.

ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే పనిచేసేవాళ్లలో పది శాతం, లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. పాత చట్టంలోనూ ఇదే, కొత్త కోడ్‌లోనూ ఇదే. సొంతంగా పెట్టుకున్నా, ఉన్న సంఘంలో చేరినా ఒక షరతు పెట్టుకోండి: కార్యవర్గంలో సగం మంది మీలోని ఆడవాళ్లే ఉండాలి, మీటింగ్ మీ డ్యూటీ అయ్యాక మీ బస్తీలోనే జరగాలి. రాత్రి ఎనిమిదింటికి టౌన్ ఆఫీసులో మీటింగ్ పెడితే వంట వదిలేసి ఎవరు వస్తారు? అలాంటి మీటింగులో తీసుకున్న నిర్ణయం మీది ఎలా అవుతుంది?

పర్మినెంట్ నాయకులను వదిలేయకండి. సమ్మె నోటీసు ఇచ్చినప్పుడు అందులో మీ డిమాండ్ ఎన్నో నంబరులో ఉందో అడగండి. నోటీసులో చివర్న పెట్టిన డిమాండ్ చర్చల్లో మొదట రాలిపోతుంది. నేను ఎన్నో నోటీసులు రాశాను, ఇది బాగా తెలిసి చెబుతున్నాను. మొదటి మూడింటిలో ఉండాలని పట్టుబట్టండి.

*ప్రశ్న: మాది ఒక ప్రభుత్వ రంగ కర్మాగారం. జీతాల ఒప్పందం మీద నాయకులు ఢిల్లీలో సంతకాలు పెట్టాక మాకు వాట్సాప్‌లో తెలుస్తుంది. ఒప్పుకున్నది ఏమిటో, వదులుకున్నది ఏమిటో ఎవరూ చెప్పరు. ముందే మమ్మల్ని అడగాలని కోరడం అత్యాశా? — విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు*

జవాబు: అత్యాశ కాదు. మన చట్టంలో ఒప్పందం మీద సభ్యుల ఓటు తప్పనిసరి అని లేదు. సంఘం తలుచుకుంటే తన నియమావళిలో పెట్టుకోవడానికి అడ్డూ లేదు. ఈ హక్కు కోసం ప్రాణం పెట్టిన కార్మికులున్నారు, వాళ్లూ బొగ్గు గనుల వాళ్లే.

అమెరికాలో గని కార్మికుల సంఘానికి టోనీ బాయిల్ అధ్యక్షుడు. 1968 నవంబర్‌లో వెస్ట్ వర్జీనియా ఫార్మింగ్టన్ గనిలో పేలుడు జరిగి 78 మంది చనిపోయారు. మండుతున్న గని దగ్గర నిలబడి బాయిల్ ఆ కంపెనీ భద్రత విషయంలో మంచిదేనని పొగిడాడు. సంఘంలోనే ఎదిగిన జాక్ యబ్లాన్‌స్కీ ఇక భరించలేక 1969లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. డిసెంబర్‌లో ఓడిపోయినట్టు ప్రకటించారు, ఓట్లలో మోసం జరిగిందని ఆయన ఫిర్యాదు చేశాడు. ఆ నెల 31 రాత్రి ఆయన్ను, భార్యను, కూతురిని ఇంట్లోనే కాల్చి చంపారు. చంపించింది బాయిలేనని తర్వాత కోర్టులో తేలింది. ఒక సంఘం అధ్యక్షుడు తన సభ్యుడినే చంపించేదాకా వెళ్లడం ఎలా సాధ్యమైందని నేను చాలాసార్లు ఆలోచించాను. ఏళ్ల తరబడి ఎవరూ లెక్క అడగని చోట, అడిగిన మొదటివాడు శత్రువులా కనిపిస్తాడు.

మామూలు కార్మికులు మాత్రం ఆగలేదు. కోర్టు ఆ ఎన్నిక రద్దు చేసింది. 1972 డిసెంబర్‌లో మళ్లీ ఓటింగ్ జరిగితే, బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన ఆర్నాల్డ్ మిల్లర్ అనే గని కార్మికుడు గెలిచాడు. 1974లో వేతన ఒప్పందం మీద మొదటిసారి సభ్యులంతా ఓటు వేశారు. 1977–78 సమ్మెలో నాయకులు తెచ్చిన ఒప్పందాన్ని సభ్యులు ఓటుతో తిప్పికొట్టారు, సమ్మె 110 రోజులు సాగింది. తిప్పికొట్టింది తాము గెలిపించుకున్న మిల్లర్ తెచ్చిన ఒప్పందాన్నే. నాయకుడికి అది ఎంత ఇబ్బందో నేను ఊహించగలను. అయినా ఆ ఇబ్బంది ఉండాలి.

మన దగ్గర 11వ బొగ్గు వేతన ఒప్పందం 2023 మే 20న కుదిరింది. 19 శాతం కనీస ప్రయోజనం, 2021 జూలై 1 నుంచి అమలు. దేశమంతటికీ ఒకటే ఒప్పందం కాబట్టి ప్రతి బాయిలో ఓటు పెట్టడం తేలిక కాదని నాయకులు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. బేరం మధ్యలో ఉన్నప్పుడు చేతిలో ఉన్నదంతా బయటపెట్టలేరు, అదీ నిజమే. కానీ సంతకానికి ముందు రోజు ఒక తెలుగు కాగితం ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. ఒకే పేజీ, మూడు గడులు: మనం అడిగింది, వాళ్లు ఇచ్చింది, మనం వదులుకున్నది. మూడో గడి రాయడానికే నాయకుడికి చేయి రాదు. చాలా చోట్ల నేను చూసిన కరపత్రాల్లో అసలు ఆ గడే ఉండదు, అన్నీ విజయాలే ఉంటాయి. ఆరు నెలల తర్వాత జీతం చీటీ చూసుకున్నప్పుడు కార్మికుడికి ఆ మూడో గడి తెలుస్తుంది. అప్పటి నుంచి అతను ఏ కరపత్రమూ నమ్మడు.

వచ్చే చర్చలు మొదలు కాకముందే ఒక వినతిపత్రం తయారు చేయండి. సంతకానికి ముందు మూడు షిఫ్టులకూ మూడు గేట్ మీటింగులు పెట్టాలని, మూడు గడుల కాగితం పంచాలని, చేతులెత్తించైనా అభిప్రాయం తీసుకుని రాసుకోవాలని అడగండి. ఒకవేళ నాయకుడు వచ్చి "ఇంతకన్నా రాలేదు, ఫలానాది వదులుకోవాల్సి వచ్చింది" అని ఉన్నదున్నట్టు చెబితే, వెనక నుంచి ఈలలు వేయనివ్వకండి. నిజం చెప్పినరోజు ఈలలు వినపడితే, రెండోసారి అతను గేటు దగ్గరికి రాడు. వినతిపత్రం మీద సంతకాలు మీ సంఘం వాళ్లవే కాకుండా పక్క సంఘం వాళ్లవీ, ఏ సంఘంలోనూ లేనివాళ్లవీ తీసుకోండి. ఒప్పందం వాళ్లకూ వర్తిస్తుంది.